కనిగిరి నుంచి చట్టసభకు ఎంత దూరం?

పార్లమెంటరీ విధానం గురించి మన పత్రికల్లో వచ్చే చరిత్ర వ్యాసాలు సాధారణంగా మాగ్నాకార్టాతో మొదలవుతాయి, 1950 రాజ్యాంగంతో ముగుస్తాయి. మధ్యలో 1892 కౌన్సిళ్ళ చట్టం, 1909 సంస్కరణలు, 1919 చట్టం వరుసగా వస్తాయి. ఈ వరుసలో తెలుగు రైతు ఎక్కడా కనిపించడు. అతను ఓటు వేయటానికి మాత్రమే 1952లో హఠాత్తుగా పుట్టుకొచ్చినట్లుంటుంది. వాస్తవానికి ప్రభుత్వ విధానాన్ని ఒక చట్టసభ నిలదీసిన తొలి ఘట్టాల్లో ఒకటి తెలుగు రైతు వీపు మీదనే జరిగింది. 1854లో లండన్‌లోని కామన్స్ సభలో మద్రాసు రాజధాని భూమిశిస్తు మీద చర్చ జరిగినప్పుడు సభ ముందుకు వచ్చిన విషయం, శిస్తు వసూలుకు కుంఫిణీ ఉద్యోగులు రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారన్నది.

ఈ ఘట్టాన్ని కనిగిరి వైపు నుంచి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ప్రశ్న అడిగే హక్కు ఉందా లేదా అన్నదొక్కటే చూస్తే చరిత్ర సగమే అర్థమవుతుంది. ప్రశ్న ఎవరు అడిగారు, విచారణ ఏ వూళ్ళో కూర్చుంది, జవాబు ఎవరి దగ్గర ఆగిపోయింది అన్నవి కూడా చూడాలి. ఈ మూడూ 1855లో ఎంత ముఖ్యమో ఇవాళా అంతే ముఖ్యం.

కనిగిరి అప్పటికి నెల్లూరు జిల్లాలో పడమటి తాలూకా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా, అది 1972లో ప్రకాశం పేరు పొందేదాకా, ఈ తాలూకా మొర వినే కలెక్టరు నెల్లూరులోనే ఉండేవాడు. మెట్ట నేల, రాతి నేల. ఏ పెద్ద నదీ లేదు. వాన పడితే చెరువు, లేకుంటే బావి. (నెల్లూరు జిల్లాలో కనిగిరి పేరు పెట్టుకున్న ఒక పెద్ద జలాశయం ఉంది. అది పెన్న నీళ్ళతో బుచ్చిరెడ్డిపాలెం దగ్గర నిండుతుంది. కనిగిరి వూరికి దానితో పేరు తప్ప మరే సంబంధమూ లేదు.) పక్కనున్న పొదిలి వెంకటగిరి జమీందారీ కింద ఉండేది. కనిగిరి సర్కారు తాలూకా, అంటే రైత్వారీ. ఇక్కడ జమీందారు స్థానంలో సర్కారే కూర్చుంది. యేటా జమాబందీ జరగాలి, నిర్ణయమైన మొత్తం ఖజానాకు చేరాలి. వాన రాలేదన్న మాట జమాబందీ లెక్కలో ఒక పట్టాన ఎక్కేది కాదు.

ఆ వసూలు ఎవరు చేసేవారు? తహశీల్దారూ, అతని కింద పేష్కారూ, బంట్రోతులూ. 1816 నాటి నిబంధన ప్రకారం తహశీల్దారు చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉంది. శిస్తు అడిగేవాడూ అతనే, కొట్టించేవాడూ అతనే, కొట్టారని ఫిర్యాదు చేస్తే వినవలసినవాడూ అతనే. ఫిర్యాదు ఎక్కడికి పోతుంది?

ఆ ఫిర్యాదును సముద్రం దాటించినవాడు గాజుల లక్ష్మీనర్సు చెట్టి అనే మద్రాసు తెలుగు వర్తకుడు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. కుంఫిణీ చార్టరు 1853లో మళ్ళీ పార్లమెంటు ముందుకు రానుండగా, ఆ సంఘం శిస్తు భారాన్నీ ఉద్యోగుల దౌర్జన్యాన్నీ వివరిస్తూ లండన్‌కు మహజరు పంపింది. ఆ తర్వాత డాన్బీ సేమూర్ అనే కామన్స్ సభ్యుడు స్వయంగా మద్రాసు వచ్చాడు. ఈ సంఘాన్ని మన చరిత్రకారులు వర్తకుల సంఘమని ఒక వాక్యంలో తేల్చేస్తారు. అది వర్తకుల సంఘమే, కాదనటంలేదు. దాని సభ్యులు నాగలి పట్టినవాళ్ళు కారు. అయినా రైతు దెబ్బను దేశ ఆదాయ విధానంతో ముడిపెట్టి చెప్పగల చూపు ఆనాడు ఆ వర్తకులకే ఉంది. వర్గ స్వభావం ఒక్కటే చూసి ఆ పనిని కొట్టివేస్తే మనమే నష్టపోతాం.

1854 జూలైలో బ్లాకెట్ అనే సభ్యుడు కామన్స్ సభలో మద్రాసు భూమి హక్కుల మీద తీర్మానం తెచ్చాడు. సేమూర్, జాన్ బ్రైట్ మాట్లాడారు. కుంఫిణీ పక్షంవారు అదంతా అతిశయోక్తి అన్నారు. కానీ మాట సభలో పడింది, అచ్చులోకి ఎక్కింది, ఇక దాన్ని మింగటం కుదరలేదు. ఆ సంవత్సరం సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ ముగ్గురు సభ్యులు. నార్టన్ న్యాయవాది.

సంఘం మద్రాసు పట్నంలో కూర్చుంది. ఫిర్యాదులకు మూడు నెలలు గడువు ఇచ్చింది. కనిగిరి నుంచి మద్రాసుకు పక్షి ఎగిరే లెక్కనే నూట అరవై మైళ్ళు దాటుతుంది, కాలిబాటన ఇంకా ఎక్కువ. దక్షిణ భారతంలో మొదటి రైలు మద్రాసు నుంచి ఆర్కాటు వైపు కదిలింది 1856లో. అంటే కనిగిరి రైతు సంఘం ముందు నిలబడాలంటే పోనూ రానూ నెలరోజులు కావాలి. చేలో పని మానుకోవాలి, దారి బత్తెం కట్టుకోవాలి. తిరిగొచ్చాక అదే తహశీల్దారు కింద బతకాలి. ఈ స్థితిలో కూడా రాజధాని మొత్తం మీద 1,959 ఫిర్యాదులు వచ్చాయి. అందులో స్వయంగా వచ్చి చెప్పినవారు 519 మంది, రాతమూలంగా పంపినవి 1,440. ఈ అంకెల్ని తక్కువని కొందరు వాదించారు. దూరాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇవి చాలా ఎక్కువ.

ఆ 1,440 అర్జీల దగ్గర సాహిత్య విద్యార్థి కాసేపు ఆగాలి. వాటిని ఎవరు రాసి ఉంటారు? చదువు రాని రైతు చెబుతుంటే ఎవరో ఒక కరణమో, కచేరీ దగ్గర కూర్చునే అర్జీ రాతగాడో, వూరి పంతులో రాసి ఉండాలి. ఆ రాతలో కచేరీ మర్యాద ఉంటుంది, దాని కింద రైతు ఏడుపు ఉంటుంది. మన వచనం ఎప్పుడు పుట్టిందన్న చర్చలో చిన్నయసూరి వస్తాడు, వీరేశలింగం వస్తాడు. అర్జీ రాదు. ఒక మనిషి తనకు జరిగిన అన్యాయాన్ని తేదీతో, పేరుతో, మొత్తంతో సహా అధికారికి నిలబెట్టి చెప్పే వచనం వీళ్ళకంటే ముందే పల్లెల్లో నడుస్తోంది.

ఆ అర్జీల్లోని మాటలు కొన్ని తర్జుమాలో ఇంగ్లీషు నివేదికలోకి అలాగే దొర్లిపోయాయి. ఎక్కువగా వాడే హింసలు రెండని సంఘం రాసింది. మొదటిది తమిళంలో కిట్టి, తెలుగులో చిరత. రెండు కర్రముక్కలు ఒక చివర కట్టి, మధ్యలో వేళ్ళు పెట్టి నొక్కటం. భజనలో తాళం వేసే చిరతలూ రెండు చెక్కలే. పాటకు వాడే వస్తువు పేరు కచేరీలో దేనికి పెట్టారో గమనించండి. రెండోది తమిళంలో ఆనందాళ్, తెలుగులో దాన్ని జింజిరి అనో గింగెరి అనో చదువుకోవాలి, ఇంగ్లీషు అక్షరాల్లో నుంచి ఆ మాట సరిగా తేలదు. మనిషి మెడకూ కాలివేళ్ళకూ కలిపి తాడు బిగించి, నడుం వంచి ఎండలో వదిలేయటం. వీపు మీద రాయి పెట్టటం కూడా ఉండేది.

1855లో నివేదిక వెలువడింది. చిత్రహింస ఉన్నదని సంఘం ఒప్పుకుంది. అరుదుగా కాదు, రాజధాని అంతటా, శిస్తు వసూలులో అలవాటుగా ఉన్నదని ఒప్పుకుంది. శిస్తు అధికారం, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండటం దీనికి ముఖ్య కారణమని చెప్పింది. ఇంతవరకూ ఆ ముగ్గురూ నిజాయితీగానే పని చేశారు. అయితే తప్పు ఎవరిదన్న చోటికి వచ్చేసరికి నివేదిక స్వరం మారింది. కొట్టింది దేశీయ చిన్న ఉద్యోగులు. దొరలకు తెలియదు. తెలిసిన చోట్ల ఆపటానికే చూశారు. పైగా రైతులకు దొరల మీదే నమ్మకం. ఇదీ తీర్పు. బంట్రోతు దోషి, కలెక్టరు నిర్దోషి.

మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఊరుకోలేదు. 1856 జనవరిలో మళ్ళీ పార్లమెంటుకు మహజరు పంపింది. విచారణ మీదనే అభ్యంతరం చెప్పిన ఈ మహజరు నా దృష్టిలో పందొమ్మిదో శతాబ్ది దక్షిణ దేశపు రాజకీయ రచనల్లో అత్యుత్తమమైన వాటిలో ఒకటి. అందులో మూడు అభ్యంతరాలున్నాయి. సంఘం మద్రాసు పట్నంలోనే, మూడు నెలలే కూర్చుంది కనుక ఇల్లు విడిచి రాలేని రైతుకు అది అసలు విచారణే కాదు. రెండోది, చెడుగు మూలాన్ని సంఘం వెదకలేదు, వెదికి ఉంటే శిస్తు వసూలు పద్ధతిలోనే అది దొరికేది. మూడోది, కొట్టిన ఉద్యోగుల్ని నిలబెట్టి 'ఇది మీ పైవాళ్ళకు ఎంతవరకు తెలుసు' అని ఒక్కసారైనా అడగలేదు. కొట్టినవాడి మీద అతని పై ఉద్యోగి ఒత్తిడి ఉంది, ఆ ఉద్యోగి అంచనా మొత్తానికి దొరకు జవాబుదారీ, దొర ప్రభుత్వానికి జవాబుదారీ అని మహజరు మెట్లు మెట్లుగా పైకి ఎక్కించి చూపించింది.

ఈ మహజరు మన చరిత్రలో మరుగున పడిపోయినా, ఒక పాఠకుడి కంట మాత్రం పడింది. 1857 సెప్టెంబరు 17న న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో కార్ల్ మార్క్స్ భారతదేశంలోని చిత్రహింసల విచారణ మీద వ్యాసం రాశాడు. సిపాయిల క్రౌర్యం గురించి ఇంగ్లండ్ పత్రికలు హోరెత్తిపోతున్న రోజులవి. మార్క్స్ కామన్స్ సభ ముందుంచిన నీలిపుస్తకాలు తెరిచి, హింస ఇక్కడ ప్రభుత్వ ఆదాయానికే ఒక అంగంగా ఉందని వాళ్ళ కాగితాలతోనే వాళ్ళకు చూపాడు. మహజరులోని మూడు అభ్యంతరాల్నీ వరుసగా ఎత్తి రాశాడు. మన విమర్శకులు మార్క్స్ 1853లో రాసిన భారతదేశ వ్యాసాల్ని పదే పదే ప్రస్తావిస్తారు. ఈ 1857 వ్యాసానికి ముడిసరుకు అందించిన అర్జీల్లో తెలుగు రైతులవీ ఉన్నాయన్న సంగతి అంతగా ప్రస్తావనకు రాదు. పాలకులు తమను సమర్థించుకోవటానికి అచ్చువేసిన కాగితమే వాళ్ళ మీద సాక్ష్యమయింది. చట్టసభ విచారణకున్న అసలు బలం ఇదేననుకుంటాను. అది తీర్పు సరిగా చెప్పకపోయినా, సాక్ష్యాన్ని మిగులుస్తుంది.

ఫలితం ఏమిటి? 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. పోలీసు శాఖ శిస్తు శాఖ నుంచి విడిపోయింది. 1861 అఖిల భారత పోలీసు చట్టానికి ఇది ఒరవడి. 1858లో కుంఫిణీ పోయి రాణి వచ్చింది. శిస్తు మాత్రం శిస్తుగానే ఉంది. 1876–78 కరువులో నెల్లూరు జిల్లా అనుభవించినది వేరే కథ. మహజరు రెండో అభ్యంతరం అలాగే మిగిలిపోయింది.

మొదటి అభ్యంతరానికి జవాబు ఎనభై ఏళ్ళ తర్వాత ఒక తెలుగువాడు ఇచ్చాడు. 1937లో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం ఎస్టేటు భూముల చట్టం మీద శాసనసభల కమిటీకి అధ్యక్షుడయ్యాడు. ఆ కమిటీ మద్రాసులోనే కూర్చోక జమీందారీ ప్రాంతాలకు వెళ్ళి రైతుల వాంగ్మూలాలు తీసుకుంది. వెంకటగిరి జమీన్ రైతుల పోరాటం అప్పటికే నెల్లూరు జిల్లాను కదిలించి ఉంది. ఆ పోరాటానికి నోరుగా 'జమీన్ రైతు' పత్రిక నడుస్తోంది. 1938లో వచ్చిన నివేదిక భూమి హక్కుదారు రైతేనని, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేనని తేల్చింది. 1939 జనవరిలో శాసనసభ దాన్ని ఆమోదించింది, అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది, బిల్లు చట్టం కాలేదు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా జమీన్ రైతు ఆగవలసి వచ్చింది. జిల్లాకు ప్రకాశం పేరు పెట్టినప్పుడు చాలామంది సైమన్ కమిషన్ నాటి తుపాకుల్నే తలుచుకున్నారు. కనిగిరి, పొదిలి వైపువాళ్ళు ఈ కమిటీని కూడా తలుచుకోవలసింది.

ఇక నీళ్ళ సంగతి. ప్రకాశం కమిటీ ఏర్పడిన 1937లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో షార్ట్, మెక్రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు నెల్లూరు జిల్లాలో కనిపించిన ఒక వ్యాధి గురించి రాశారు. భారతదేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి అధ్యయనం ఇదే. పళ్ళు గారపట్టి మచ్చలు తేలటం, వెన్నెముక బిగిసి మెడ తిరగకపోవటం, కీళ్ళు వంగకపోవటం దాని లక్షణాలు. వైద్యులకంటే ముందు రైతులు దీన్ని చూశారు. ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేక పోవటం వాళ్ళ కంటబడింది. 1940లో మరో అధ్యయనం నీటిలోని ఫ్లోరైడుకూ, తిండికీ, వ్యాధికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించింది. అంటే స్వాతంత్ర్యం వచ్చేనాటికే కారణం తెలుసు. తెల్లరాతి కింద నీరు, లోతుకు పోయినకొద్దీ పెరిగే విషం. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని ప్రమాణం. నడుం వంచి కట్టిన తాడు 1855లో విప్పారు, అదే తాలూకాలో నీళ్ళు ఆ నడుముల్ని వేరే దారిన బిగించాయి.

పార్లమెంటు ఏం చేసింది? నిజానికి చేయగల సాధనాలన్నీ ఉన్నాయి. 1950లో ఏర్పడిన లోక్‌సభ అంచనాల కమిటీకి తొలి అధ్యక్షుడు మన అనంతశయనం అయ్యంగార్. మంత్రులు సభలో ఇచ్చే హామీల్ని వెంటాడటానికి 1953లోనే ప్రభుత్వ హామీల కమిటీ ఏర్పడింది. ప్రశ్న ఒక ఆర్థికమంత్రిని దింపగలదని 1958లో రుజువయింది. జీవిత బీమా సంస్థ ముంద్రా కంపెనీల్లో కోటి రూపాయలకు పైగా పెట్టిన పెట్టుబడి మీద ఫిరోజ్ గాంధీ నిలదీస్తే చాగ్లా విచారణ జరిగింది, టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. డబ్బు పోతే ఎవరు సంతకం పెట్టారో దొరుకుతుంది. ఒక పల్లె నడుము బిగిసిపోతే ఎవరి సంతకం?

పడమటి మెట్టకు లోక్‌సభలో తనదంటూ గొంతు ఉన్నది పదేళ్ళే. మార్కాపురం స్థానం 1957లో, 1962లో మాత్రమే ఎన్నికలు చూసింది. 1962లో అక్కడి నుంచి కమ్యూనిస్టు అభ్యర్థి గుజ్జుల యల్లమందారెడ్డి గెలిచాడు. తర్వాత ఆ స్థానం రద్దయి ఆ భూమి వేరే నియోజకవర్గాల్లో కలిసిపోయింది. డెల్టా వూళ్ళతో కలిసిన మెట్ట వూరు ఓట్ల లెక్కలో చిన్నది.

అయినా నీటి మీద ప్రశ్నలు ఆగలేదు. ఏ సమావేశం కాగితాలు తిరగేసినా ఫ్లోరైడు గ్రామాల మీద ప్రశ్న తగులుతుంది. జవాబు నిర్మాణం కూడా దాదాపు ఒకటే. మంచినీటి సరఫరా రాష్ట్రాల విషయం అన్నది మొదటి వాక్యం. కేంద్రం రాష్ట్రాలకు ఆర్థిక, సాంకేతిక సహాయం చేస్తోంది అన్నది రెండో వాక్యం. రాష్ట్రాలవారీ పట్టిక జతపరచబడింది అన్నది మూడోది. మొదటి వాక్యం అబద్ధం కాదు, రాజ్యాంగం ఏడో షెడ్యూలులో నీరు రాష్ట్ర జాబితాలోనే ఉంది. రాష్ట్ర రాజధానిలో అడిగితే, 1992 నాటి 73వ సవరణ తర్వాత మంచినీరు పంచాయతీలకు అప్పగించదగిన అంశం. పంచాయతీలో అడిగితే మోటారు కాలిపోయింది, ఆపరేటరు రాలేదు. 1856 మహజరు కింది నుంచి పైకి ఎక్కిన మెట్లనే ఈ జవాబు పై నుంచి కిందికి దిగుతుంది. చివరి మెట్టు మీద అప్పుడు బంట్రోతు ఉన్నాడు, ఇప్పుడు ఆపరేటరు ఉన్నాడు.

పట్టికదీ ఒక రాజకీయమే. రాష్ట్రం మొత్తానికి ఒక అంకె వేస్తే అందులో కనిగిరి ఉండదు. 2018లో కాగ్ ఇచ్చిన గ్రామీణ మంచినీటి పథకం నివేదిక ఈ అంకెల లోపలికి దిగింది. 2012–17 మధ్య 81,168 కోట్ల రూపాయలు ఖర్చయితే, మనిషికి రోజుకు 40 లీటర్లు అందే ఆవాసాల వాటా 8 శాతం, 55 లీటర్లు అందేవాటి వాటా 5.5 శాతం మాత్రమే పెరిగిందని తేల్చింది. ఇటువంటి నివేదిక సభ ముందుకు రావటం చిన్న విషయం కాదు. నీలిపుస్తకంలాగే ఇదీ సాక్ష్యమే. చదివేవారు కావాలి. లోక్‌సభలో రోజుకు నోటితో జవాబు చెప్పే జాబితాలో ఇరవై ప్రశ్నలే ఉంటాయి, అవీ చీటీలు తీసి ఎంచినవి. గంట ముగిసేసరికి వాటిలో కొన్ని మాత్రమే లేస్తాయి. 2020 సెప్టెంబరు సమావేశంలో కరోనా పేరుతో ఆ గంటే లేకుండా పోయింది.

సాగర్ కుడికాలువ దర్శి, ఒంగోలు వైపు వెళ్ళింది గాని కనిగిరి మెట్ట ఎక్కలేదు. మిగిలిన ఆశ వెలిగొండ. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య దానికోసం పాటుపడ్డాడు, పథకానికి ఆయన పేరే పెట్టారు. శ్రీశైలం వరదనీటిని నల్లమల కొండల కింద సొరంగాల గుండా తెచ్చి 30 మండలాలకు సాగునీరూ తాగునీరూ ఇవ్వాలన్నది దాని లక్ష్యం. 1996లో శంకుస్థాపన అయింది. పని నిజంగా మొదలయింది ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిదేళ్ళకు. రెండో సొరంగం తవ్వకం 2024 జనవరిలో పూర్తయింది, మార్చిలో ప్రారంభోత్సవం చేశారు. ఆనాటికి ముంపు గ్రామాలవారి పునరావాసం పూర్తికాలేదు కనుక జలాశయంలో నీరు నింపే వీలు లేదు. శంకుస్థాపన నాడు బడిలో చేరిన పిల్లకు ఆ మార్చికి తన పిల్లలు బడికి పోయే వయసు.

1855 సంఘం ముందుకు వెళ్ళిన రైతు తన మాటల్లో చెప్పాడు, మరొకరు దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు, జవాబు ఇంగ్లీషులో వచ్చింది. ఇవాళ లోక్‌సభలో ఒంగోలు సభ్యుడు తెలుగులో మాట్లాడవచ్చు, అనువాదకులున్నారు. కానీ కనిగిరి నీళ్ళ మీద మంత్రి ఇచ్చే లిఖిత సమాధానమూ, దానికి జతపరిచే పట్టికా ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే సభ ముందుంచబడతాయి. ఆ కాగితాన్ని తెలుగు చేసి, 1856 మహజరు అడిగిన మూడు ప్రశ్నలూ దాని పక్కన రాసి, పామూరు బస్టాండులోనో కనిగిరి కొండ కింద టీ దుకాణంలోనో అతికించే పని ఇంకా ఎవరూ తలపెట్టలేదు.